విశాఖలో ఏసీ కొనబోతున్నారా? ఆ పదేళ్ల వారంటీ దేనికో ముందు చదవండి

ఏసీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన తర్వాత మా అపార్టుమెంటులోనే ముగ్గురు కొత్త ఏసీలు కొన్నారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ అవుట్‌డోర్ యూనిట్‌లోని కాయిల్, అంటే గదిలోని వేడిని బయటికి వదిలే గొట్టాల చట్రం, ఏ లోహంతో చేశారని అడగలేదు. మూడేళ్ల కిందట నేనూ అడగలేదు. లాసన్స్ బే కాలనీలో, బాల్కనీలో నిలబడితే సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉంటూ ఆ ఒక్క ప్రశ్న వేయనందుకు ఏం జరిగిందో, విశాఖలో తీరానికి దగ్గరగా ఉండి ఏసీ కొనదలచిన వారి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

2022 ఏప్రిల్‌లో ద్వారకానగర్‌లోని ఒక పెద్ద షోరూములో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీని 41,500 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరూ దుకాణం పేరూ ఇక్కడ రాయడం లేదు. ఆ తర్వాత మరికొన్ని కంపెనీల వారంటీ పుస్తకాలు తిరగేసినప్పుడు, నన్ను దెబ్బతీసిన నిబంధన మాటలు మార్చుకుని వాటిలోనూ కనిపించింది కాబట్టి, ఒక్క పేరు చెబితే మిగిలినవి కొనుక్కోవచ్చని మీరు అనుకునే ప్రమాదం ఉంది. ఇండోర్ యూనిట్ ముందు భాగాన అరచేతి వెడల్పున రెండు స్టిక్కర్లు ఉన్నాయి. ఒకదానిపై పదేళ్ల వారంటీ అని, రెండోదానిపై వంద శాతం రాగి అని పెద్ద అక్షరాలలో ఉంది. అమ్మకపు కుర్రవాడు ఆ రెండింటినీ వేలితో చూపించి, నక్షత్రాల లేబుల్ చూపించి, బిల్లు కొట్టించాడు. పావుగంటలో పని అయిపోయింది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే ఆ నక్షత్రాలు కరెంటు ఖర్చు సంగతి చెబుతాయే గాని యంత్రం ఆయుర్దాయం సంగతి చెప్పవన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

రెండు వేసవులు హాయిగా గడిచాయి. 2024 మే నెలలో, ఎండలు మండుతున్న రోజుల్లో, గది చల్లబడటానికి గంటకు పైగా పట్టడం మొదలైంది. కంపెనీ సర్వీసు నుంచి వచ్చిన వ్యక్తి మీటరు పెట్టి చూసి, గ్యాసు తక్కువైందని చెప్పి, గ్యాసు పట్టించి, 3,200 రూపాయలు తీసుకుని వెళ్లాడు. జులైలో మళ్లీ అదే పరిస్థితి ఎదురైంది, మళ్లీ అదే మాట, అంతే డబ్బు. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఏసీలోని గ్యాసు స్కూటరులో పెట్రోలులాగా వాడకం వల్ల ఖర్చయిపోయేది కాదు. అది మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది, కంప్రెసర్ దగ్గర ఒత్తిడికి గురై, బయటి కాయిల్‌లో వేడిని వదిలి ద్రవంగా మారి, లోపలి కాయిల్‌లో వేడిని పీల్చుకుని మళ్లీ ఆవిరవుతుంది. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. ఎక్కడ కారుతున్నదో చూడకుండా గ్యాసు పట్టించడం చిల్లుబిందెలో నీళ్లు పోసినట్టే. నేను రెండుసార్లు పోయించాను.

సెప్టెంబరులో, విసిగిపోయి, పెదవాల్తేరులో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఒక మెకానిక్‌ను పిలిచాను. ఆయన గ్యాసు ఊసే ఎత్తలేదు. ముందు నైట్రోజన్ సిలిండరు తగిలించి గొట్టాలలో ఒత్తిడి పెంచి, సబ్బు నురగ పూసుకుంటూ కీళ్లన్నీ చూశాడు. కీళ్లన్నీ బాగున్నాయి. తర్వాత అవుట్‌డోర్ యూనిట్ పైరేకు విప్పి, కాయిల్ మీద నురగ చల్లగానే సముద్రం వైపు ఉన్న మూలలో మూడు చోట్ల బుడగలు లేచాయి. “గ్యాసు తప్పు కాదండీ, కాయిలే పోయింది. తెల్లబూజు పట్టేసింది చూడండి” అన్నాడు. రేకుల మధ్య సున్నంలాంటి తెల్లటి పొడి పేరుకుని ఉంది, వేలితో తాకితే రాలుతోంది. ఇనుముకు పట్టే తుప్పు ఎర్రగా ఉంటుంది, రాగికి పట్టే చిలుము పచ్చగా ఉంటుంది, రెండూ మన కంటికి అలవాటైనవే. అల్యూమినియానికి పట్టే ఈ తెల్లటి పొడిని మాత్రం నేను ఎన్నో ఆదివారాలు చూసి, దుమ్మనుకుని వదిలేశాను.

అప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, స్టిక్కరు మీద ఉన్న రాగి ఇండోర్ యూనిట్ కాయిల్‌కు మాత్రమే వర్తిస్తుంది. బయట ఎండకూ వానకూ ఉప్పుగాలికీ నిలబడవలసిన కాయిల్ పూర్తిగా అల్యూమినియం, అందులోనూ మైక్రోచానల్ రకం. అంటే గుండ్రటి గొట్టాలకు బదులు, లోపల సన్నటి దారులు ఉన్న చదునైన పట్టీలు, వాటి మధ్య అలల్లా మడిచిన పలుచని రేకులు, కారు రేడియేటరును పోలి ఉంటాయి. ఈ ఎంపికలో తయారీదారులకు న్యాయమైన కారణాలు లేకపోలేదు. ఇది వేడిని త్వరగా వదులుతుంది, తక్కువ గ్యాసుతో పని చేస్తుంది, బరువు తక్కువ, అల్యూమినియం రాగి కంటే చాలా చవక. సముద్రానికి దూరంగా, పొడి వాతావరణం ఉన్న ఊళ్లో అయితే నేనే దాన్ని సమర్థించేవాణ్ణి. కాని ఆ పట్టీల గోడల మందం ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణపొరను చుక్కలు చుక్కలుగా ఛేదించి, సూదిమొన పట్టేంత గుంటలు చేసుకుంటూ లోపలికి పోతుంది. అంత పలుచని గోడలో ఒక్క గుంట అవతలికి చేరితే చాలు, గ్యాసంతా బయటికి పోతుంది.

మరమ్మతు చేయించవచ్చు కదా అని మెకానిక్‌ను అడిగాను. రాగి గొట్టానికి చిల్లు పడితే అక్కడికక్కడే గ్యాస్ వెల్డింగుతో పూడ్చగలనని, దీనికి మాత్రం తాను చేయి పెట్టనని ఆయన తేల్చి చెప్పాడు. కారణం కూడా సహేతుకమైనదే. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అల్యూమినియం 660 దగ్గరే కరిగిపోతుంది. మంట కొంచెం ఎక్కువైతే చిల్లు పూడకపోగా పట్టీయే కారిపోతుంది. కాబట్టి కాయిల్ మొత్తం మార్చాలి. కంపెనీ ఇచ్చిన అంచనాలో కాయిల్‌కు 17,500, గ్యాసు, కూలీ, రవాణా కలిపి మొత్తం 22,300 రూపాయలు ఉంది. కొన్న ధరలో సగానికి పైగా అన్నమాట.

వారంటీ పదేళ్లు కదా, ఇంకా ఏడున్నరేళ్లు మిగిలే ఉంది కదా అని వారంటీ పుస్తకం తీశాను. పదేళ్లు కంప్రెసర్‌కు మాత్రమే. నా కంప్రెసర్ అప్పటికీ రాయిలాగా ఉంది. విశాఖ తీరంలో మొదట దెబ్బతినేది ఏదో దానికి ఒక్క ఏడాది వారంటీ, చివరిదాకా చెడిపోనిది ఏదో దానికి పదేళ్ల వారంటీ. ఆ ఏడాదిలో కాయిల్ పోయినా లాభం లేకపోయేదని పుస్తకం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలలో ఉన్న మరో నిబంధన చదివాక అర్థమైంది. ఉప్పుగాలి వల్ల గాని, పరిశ్రమల నుంచి వచ్చే ఆమ్ల వాయువుల వల్ల గాని లోహం తినిపోతే దానికి వారంటీ వర్తించదట. మన ఊరిని ఒకసారి ఊహించుకోండి. భీమిలి నుంచి ఆర్కే బీచ్ దాకా తీరం వెంబడి ఉన్నవాళ్లం నిబంధనలోని మొదటి సగానికి చిక్కుతాము. మల్కాపురం, గాజువాక వైపు ఉన్నవారు రెండో సగం గురించి ఆలోచించుకోవాలి. ఈ షరతుతో ఏసీని విశాఖ నడిబొడ్డున అమ్ముతూ, కొనేవారి ఇల్లు ఎక్కడని ఒక్క మాటైనా అడగకపోవడాన్ని నేను పొరపాటుగా భావించలేకపోతున్నాను. డెలివరీ చిరునామా రాసుకున్నది వాళ్లే కదా.

“సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని ఉప్పు గురించి ఏడిస్తే ఎలాగ, ఏ ఏసీ అయినా అంతే” అని మా బావగారు అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. రాగి కాయిల్‌కు కూడా రేకులు అల్యూమినియంవే. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటి తడిలో ఒకదానినొకటి తాకుతూ ఉంటే బలహీనమైన అల్యూమినియం త్వరగా తినిపోతుంది. మా పక్క ఫ్లాటువారిది రాగి కాయిల్, నా దానికంటే మూడేళ్లు పాతది. దాని రేకులు అప్పడాల్లా విరిగిపోతున్నాయి, చల్లదనం తగ్గింది, అయినా గొట్టాలు గట్టిగా ఉన్నాయి, గ్యాసు నిలిచింది, యంత్రం నడుస్తోంది. ఒకటి మెల్లగా ముసలిదవుతుంది, రెండోది ఉన్నట్టుండి కూలబడుతుంది. అదే డబ్బు పెట్టి కొనేటప్పుడు ఈ తేడా తెలుసుకునే హక్కు మనకుంది.

ఇక నీలిరంగు పూత గురించి. రేకుల మీద కనిపించే ఆ నీలిరంగు పొర ఉప్పును కొంతకాలం అడ్డుకునే మాట నిజమే. కాని ఆ రంగు కింద ఉన్నది రాగి గొట్టమో అల్యూమినియం పట్టీయో రంగు చెప్పదు. నాదీ నీలిదే. వెయ్యి గంటల ఉప్పు పరీక్షలో నెగ్గిందని కరపత్రాలలో రాసే మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. ఐఎస్ఓ 9227 ప్రమాణం ప్రకారం జరిగే సాధారణ పరీక్షలో ఐదు శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో ఆగకుండా పొగమంచులాగా చల్లుతారు. ఒక పూతను మరొక పూతతో పోల్చడానికి అది పనికివస్తుంది గాని, వెయ్యి గంటలంటే మన బాల్కనీలో ఇన్నేళ్లని లెక్కగట్టడానికి పనికిరాదు. రాత్రి తడిసి, పగలు ఎండి, ఉప్పు గడ్డకట్టి, మళ్లీ తడిసే మన గాలి తీరు వేరు. పైగా సర్వీసుకు వచ్చినవారు గట్టి బ్రష్షుతో రుద్దితే ఆ పూత గీతలు పడి లేచిపోతుంది.

ఫిర్యాదు సంగతి క్లుప్తంగా చెబుతాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేశాను. కంపెనీ స్పందించి కాయిల్ ధరలో 20 శాతం తగ్గిస్తామంది, అంతకుమించి కదలలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము ఉండదు, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. నేను వేయలేదు. వంద శాతం రాగి అని దుకాణంలో చెప్పిన మాటకు నా దగ్గర కాగితం లేదు, స్టిక్కరు కింద చిన్న అక్షరాలలో ఇండోర్ అని ఉండనే ఉంది. అది నేను మూడో సంవత్సరంలో భూతద్దం పెట్టి చదివాను.

కొనేముందు మీరు చూడవలసింది అవుట్‌డోర్ యూనిట్‌ను, అదీ మీ కంటితోనే. షోరూములో గోడకు వేలాడేది ఇండోర్ యూనిట్ మాత్రమే, రెండోది గోదాములో పెట్టెలో ఉంటుంది. పెట్టె తెరిచి చూపించమని పట్టుపట్టండి. కాయిల్ చివర ఎర్రటి గొట్టాలు హెయిర్‌పిన్నులలాగా వంపు తిరిగి కనిపిస్తే రాగి, ఆ వంపులు లేకుండా చదునైన పట్టీలు నిలువు గొట్టంలోకి దూరి ఉంటే మైక్రోచానల్. వారంటీ పుస్తకం డబ్బు కట్టకముందే అడిగి, కాయిల్‌కు ఎన్నేళ్లో, ఉప్పుగాలి మినహాయింపు ఉందో లేదో చదవండి. బిగించేటప్పుడు వీలైతే సముద్రానికి చాటుగా ఉన్న గోడను ఎంచుకోండి. నెలకోసారి కరెంటు ఆపి, మున్సిపల్ నీటితో సన్నటి ధారగా కాయిల్‌ను కడిగితే పేరుకున్న ఉప్పు కరిగిపోతుంది. స్టాండును మరచిపోవద్దు. రంగు వేసిన మామూలు ఇనుప స్టాండు ఈ గాలిలో లోపలి నుంచే తినిపోతుంది, దాని కింద మనుషులు నడుస్తుంటారు.

మొన్న అక్టోబరులో పాత యంత్రాన్ని తుక్కు కింద ఇచ్చేసి కొత్తది కొనడానికి వెళ్లాను. బిల్లు మీద “అవుట్‌డోర్ కాయిల్ రాగి” అని రాసి ముద్ర వేయమని అడిగితే మొదటి దుకాణంలో నవ్వారు, రెండో దుకాణంలో మేనేజరు లేడన్నారు. డాబాగార్డెన్స్‌లోని మూడో దుకాణదారు కాసేపు తటపటాయించి, గోదాముకు మనిషిని పంపి పెట్టె తెప్పించి, విప్పి చూపించి, రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఉప్పుగాలికి కూడా వారంటీ ఉంటుందని రాయమంటే మాత్రం అతడు తల అడ్డంగా ఊపాడు.