మెక్సికన్, మెక్సికన్-అమెరికన్, చికానో, హిస్పానిక్: ఏ పేరు మేలు?

2020 నాటి అమెరికా జనగణన పత్రంలో, మెక్సికో మూలాలున్నవారి కోసం మెక్సికన్, మెక్సికన్-అమెరికన్, చికానో అనే మూడు పేర్లకూ కలిపి ఒకే గడి ఇచ్చారు. తలలు లెక్కపెట్టడానికి అది చాలు. మనుషులకు మాత్రం ఆ మూడూ ఒకటి కావు. ఒకే ఇంట్లో తల్లి ఒక పేరు, కొడుకు ఇంకో పేరు చెప్పుకోవడం మామూలే.

వలస వచ్చిన తరానికి పెద్దగా సందేహం ఉండదు. ముందు మిచోకాన్ అనో, హలిస్కో అనో తమ రాష్ట్రం పేరు చెప్తారు, ఆ తర్వాత మెక్సికో. 1998 నుంచి ద్వంద్వ జాతీయతకు మెక్సికో ఒప్పుకుంది కాబట్టి, అమెరికా పౌరులైనా ఆ బంధం తెగదు.

చిక్కంతా పిల్లలకే. మెక్సికన్-అమెరికన్ అనే పేరు వెనుక హక్కుల పోరాటం ఉంది. 1929లో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో పుట్టిన లూలాక్ అనే లాటిన్ అమెరికన్ పౌరుల సంఘం, తామూ అమెరికా పౌరులమేనని గట్టిగా నిలబడింది. అయితే 1930 జనగణన మెక్సికన్లను వేరే జాతిగా లెక్కిస్తే, ఆ తరం నాయకులు తమను తెల్లవారిగా గుర్తించమని పట్టుబట్టారు. అరవైల యువతరానికి ఇది మింగుడుపడలేదు. ఒకప్పుడు తిట్టుగా వాడిన 'చికానో'ను వాళ్లు తలెత్తి చెప్పుకున్నారు. 1970 ఆగస్టు 29న తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చికానోలు ఊరేగింపు తీసిన రోజే, పోలీసులు పేల్చిన బాష్పవాయు గుండు తగిలి పాత్రికేయుడు రూబెన్ సాలజార్ చనిపోయాడు. అంత మూల్యం చెల్లించిన పేరును పాతబడిందని తీసిపారేయడం నాకు నచ్చదు.

'హిస్పానిక్', అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు, ప్రభుత్వం చేతిలో స్థిరపడిన మాట. 1980 జనగణనలో దాన్ని ప్రతి ఇంటినీ అడిగారు. నిధులు రాబట్టడానికి, ఓట్ల బలం చూపడానికి పనికొస్తుంది, అంతవరకే. 2012లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు లాటినోల్లో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారిలో, 51 శాతం తమ మూలదేశం పేరే ఎక్కువగా వాడతామన్నారు. హిస్పానిక్ లేదా లాటినో అన్నవారు 24 శాతమే.

పేరు పుట్టుకను బట్టే స్థిరపడిపోదని కాలిఫోర్నియాలోని శాన్ డియేగో చూపించింది. పోర్టెస్, రుంబాట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అక్కడి వలస కుటుంబాల పిల్లలను 1992లో ఒకసారి, 1995లో మరోసారి ప్రశ్నించారు. మధ్యలో, 1994లో, వలస పత్రాలు లేనివారికి బడి, వైద్యం ఆపాలనే 187వ ప్రతిపాదనను కాలిఫోర్నియా ఓటర్లు గెలిపించారు. రెండోసారి అడిగేసరికి మెక్సికన్-అమెరికన్ అనేవారు తగ్గి, మెక్సికన్ అనేవారు బాగా పెరిగారు. తల్లిదండ్రుల మీద వేలెత్తి చూపితే పిల్లలు వాళ్ల పక్కనే నిలబడ్డారు. అది సరైన పనేనని నా నమ్మకం.

అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లలకు మామూలు రోజుల్లో మెక్సికన్-అమెరికనే మేలంటాను, రెండు వైపులా నిజం చెబుతుంది కాబట్టి. చికానో ఎవరికి వారు ఎంచుకోవాల్సింది, ఇతరులు తగిలించకూడదు. ఇక మెక్సికోలోని వహాకా రాష్ట్రం నుంచి వచ్చి కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే మిస్తెక్ అనే ఆదివాసీ కుటుంబాల్లో చాలామందికి స్పానిష్ కూడా మాతృభాష కాదు. వాళ్ల పిల్లలకు ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా సరిపోదు.