నల్లగొండ క్వాంటం వర్క్‌షాపు: ఐదు వందల రుసుముకు దక్కినదెంత?

నల్లగొండ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో క్వాంటం సమాచార శాస్త్రంపై రెండు రోజుల వర్క్‌షాపు పెడితే, మా దేవరకొండ డిగ్రీ కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాను. రుసుము విద్యార్థులకు ఐదు వందలు, అధ్యాపకులకు వెయ్యి. మొదటి రోజు ఉదయమంతా శుద్ధ దండగ. అదే రోజు భోజనాల తర్వాత జరిగిన ఒక్క తరగతికి మాత్రం ఇంకో ఐదు వందలు అడిగినా ఇచ్చేదాన్ని.

ముందు దండగ సంగతి. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, మైకు పట్టుకున్న ప్రతివారూ వేదిక మీదున్న అందరి పేర్లూ మొదటి నుంచి చదివారు. కీలకోపన్యాసం పూర్తిగా జాతీయ క్వాంటం మిషన్ గురించే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, 2030-31 వరకు 6,003.65 కోట్ల రూపాయలు, కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాసు, సెన్సింగ్‌కు ఐఐటీ బొంబాయి, పదార్థాలు, పరికరాలకు ఐఐటీ ఢిల్లీ. అంకెలన్నీ తెర మీద పడ్డాయి. బీఎస్సీ రెండో ఏడాది చదివే అమ్మాయి వీటిలో ఏ గుమ్మమైనా తొక్కాలంటే ఏం చేయాలో మాత్రం పడలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

భోజనాల తర్వాత వచ్చిన ఆచార్యుడు స్లయిడ్లు తేలేదు. జేబులోంచి మూడు పోలరాయిడ్ ముక్కలు (ఒక్క దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే పలకలు), ఒక టార్చిలైటు తీశాడు. రెండు ముక్కలను ఒకదానికొకటి అడ్డంగా పట్టుకుంటే వెలుగు ఆగిపోయింది. అది పాఠ్యపుస్తకంలో ఉన్నదే కాబట్టి ఎవరూ తల ఎత్తలేదు. మూడో ముక్కను ఆ రెంటి మధ్యకు 45 డిగ్రీల వాలుగా జొప్పించగానే గోడ మీద మసక వెలుగు మళ్లీ కనిపించింది. “ఇంకో అడ్డం పెడితే వెలుగు తగ్గాలి కదా సార్, పెరిగిందేమిటి?” అని మా కాలేజీ అమ్మాయి ఒకతె లేచి అడిగింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కదలని నీడ ఏ స్తంభానిదని వాదించుకుంటూ పెరిగిన పిల్లలు, వెలుగు మీద ప్రశ్నకు వెనకాడరు! ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. లెక్క వేయించాడు. మొదటి ముక్క దగ్గర సగం, మధ్య ముక్క దగ్గర అందులో సగం, చివరి ముక్క దగ్గర మళ్లీ సగం, మొత్తం మీద ఎనిమిదో వంతు. కొలవడమంటే ఉన్నదాన్ని చూసి ఊరుకోవడం కాదు, ఫోటాన్ అనే వెలుగు కణం స్థితినే మార్చడం అన్నది ఆ ఎనిమిదో వంతు వెలుగులో పిల్లలకు అందింది.

అక్కడి నుంచి నేరుగా బీబీ84లోకి, అంటే ఇద్దరు ఫోటాన్ల ద్వారా రహస్య సంకేతాన్ని పంచుకునే పద్ధతిలోకి దిగాడు. పిల్లలను రెండు వరుసల్లో కూర్చోబెట్టి చీటీలు పంచాడు. పంపేవారు నాణెం ఎగరేసి కూడిక గుర్తో ఇంటూ గుర్తో (పోలరాయిడ్‌ను నిలువుగానో వాలుగానో పట్టుకోవడం లాంటిదే) ఎంచుకుని, మరోసారి ఎగరేసి సున్నానో ఒకటో రాస్తారు. అందుకునేవారు కూడా చీటీ విప్పకముందే నాణెంతో గుర్తు ఎంచుకోవాలి. గుర్తు కలిస్తే అంకె అలాగే ఉంటుంది, కలవకపోతే నాణెం చెప్పిన అంకె రాసుకోవాలి. చివరికి గుర్తులను మాత్రం బయటికి చదివి, కలవని చీటీలు, అంటే దాదాపు సగం, పారేస్తారు. దొంగ లేనప్పుడు మిగిలినవన్నీ సరిపోయాయి. ఆ తర్వాత మధ్యలో ఒక కుర్రవాడిని దొంగగా కూర్చోబెట్టి, అతనూ అదే నియమంతో చదివి కొత్త చీటీ పంపేలా చేశాడు. ఈసారి మిగిలిన 21 చీటీల్లో 5 తప్పాయి. సిద్ధాంతం చెప్పేది నాలుగో వంతు. దొంగ పట్టుబడ్డాడని హాలంతా ఒకటే గోల.

మరునాడు మరొకరు ఇదే పద్ధతిని సమీకరణాలతో అప్పజెప్పారు. ఈ పద్ధతిని కనిపెట్టిన బెన్నెట్, బ్రస్సార్డ్‌ల పేరున్న 1984 నాటి పత్రం వెలువడింది ఆ ఏడాది డిసెంబరులో, బెంగళూరులో జరిగిన ఒక సదస్సులోనేనని ఆ గంటలో ఒక్కసారైనా అనలేదు. పక్క రాష్ట్రంలో జరిగిన ముచ్చట! మన పిల్లలకు అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

కంప్యూటర్ ల్యాబు అధ్వానం. అందరూ ఒకేసారి కిస్కిట్ అనే క్వాంటం ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరు దింపుకోవడం మొదలుపెట్టేసరికి ఇంటర్నెట్ చతికిలబడింది. ముందు రోజు రాత్రే వేసి ఉంచితే ఏం పోయేది? చివరికి హాడమార్డ్, సీనాట్ అనే రెండు గేట్లతో, అంటే క్వాంటం కంప్యూటరుకిచ్చే ఆదేశాలతో, రెండు క్యూబిట్లను (క్వాంటం బిట్లను) జతచేశారు. సిమ్యులేటరులో 00, 11 చెరిసగం వచ్చాయి. ఐబీఎం ఉచితంగా ఇచ్చే కొద్ది నిమిషాల్లోంచి నిజమైన యంత్రం మీద నడిపిస్తే, రాకూడని 01, 10 కూడా కొన్ని వచ్చాయి. “అది యంత్రం లోపం, పట్టించుకోకండి” అన్నాడు శిక్షకుడు. పట్టించుకోవలసింది దాన్నే కదా! తొమ్మిది క్యూబిట్లతో ఒక్క క్యూబిట్‌ను తప్పుల నుంచి కాపాడే దారి పీటర్ షోర్ 1995లో చూపించాడు. ఈ రంగంలో నేటి పరిశోధనలో పెద్ద భాగం ఆ తప్పుల చుట్టూనే తిరుగుతోంది.

‘పరిశోధనావకాశాలు’ అని అచ్చు వేసిన చివరి అంశం ఆ కాలేజీ ఎంటెక్ ప్రవేశాల ప్రచారంగా ముగిసింది. అక్కడ చెప్పవలసినవి ఇక్కడ చెబుతాను. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు పెద్ద సంస్థలో పనిచేయవచ్చు, మనలాంటి అధ్యాపకులూ అర్హులే. వేసవి అన్నారు కదా అని మార్చి దాకా ఆగకూడదు, దరఖాస్తులు చలికాలం మొదట్లోనే అయిపోతాయి. దానికి సిఫారసు లేఖ కావాలి. పేరు మార్చి అందరికీ ఒకే లేఖ ఇచ్చే అలవాటును మన అధ్యాపకులు ఇకనైనా మానుకోవాలి. ఎమ్మెస్సీ పిల్లలు పీహెచ్‌డీ కోసం జెస్ట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ప్రయాగ్‌రాజ్‌లోని హరీశ్‌చంద్ర పరిశోధన సంస్థలో క్వాంటం సమాచార బృందం పేరున్నది. అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో క్వాంటం కేంద్రం ఉంది, మన బస్టాండు నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైటులో కొత్త పరిశోధన పత్రాలు రోజూ ఉచితంగా దొరుకుతాయి.

భోజనానికి పేరు పెట్టలేం. బగారా అన్నం, గుత్తి వంకాయ, గట్టి పెరుగు, అడిగినంత వడ్డించారు. వసతి గదుల్లో దోమలు ఎక్కువ. రెండో రోజు సర్టిఫికెట్లు పంచడం చీకటి పడేదాకా సాగింది. దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఆడపిల్లలను పంపేవారు ఆ రాత్రికి కూడా గది కావాలని రుసుము కట్టేటప్పుడే రాయించుకోండి.