అమెరికాలో హెల్త్ ప్లాన్: బ్రోకరా, నావిగేటరా?

2011లో అమెరికా ప్రభుత్వం పాత జబ్బులున్నవాళ్ల కోసం నడిపిన పీసీఐపీ బీమా పథకంలో ఒకరిని చేర్పిస్తే బ్రోకర్‌కి, అంటే బీమా ఏజెంటుకి, 100 డాలర్లు ఇస్తామంది. ఆ రాబడి నిలవలేదు. 2013లో కొత్త చేరికలే ఆగిపోయాయి. ఫీజు రాని చోట బ్రోకర్ ఎంత తిరుగుతాడు? ప్రభుత్వ బీమా వేదిక అయిన మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ వెతికేవాళ్లు, బ్రోకర్‌ని అడగాలా, ప్రభుత్వ నిధులతో సాయం చేసే నావిగేటర్‌ని అడగాలా అనుకునేటప్పుడు ఇది చూసుకోవాలి.

ఖర్చు: మీ జేబు నుంచి ఇద్దరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. బ్రోకర్‌కి కంపెనీ కమీషన్ ఇస్తుంది. ఆయన లేకుండా కొన్నా ప్రీమియం అంతే. నావిగేటర్‌కి ప్రభుత్వ గ్రాంటు. కంపెనీల డబ్బు ముట్టకూడదు.

శ్రమ: బ్రోకర్ "ఇది తీసుకోండి" అని చెప్పగలడు, తర్వాత క్లెయిమ్ ఇరుక్కుంటే ఫోన్ ఎత్తే మనిషీ ఉంటాడు. నావిగేటర్ తేడాలు వివరిస్తారు, ఎంపిక మాత్రం మీదే.

రిస్క్: కమీషన్ లేని ప్లాన్ బ్రోకర్ నోట రాకపోవచ్చు. 2024లో కొందరు ఏజెంట్లు అనుమతి లేకుండానే జనాల ప్లాన్లు మార్చేశారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కాబట్టి లైసెన్స్ చూడకుండా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వొద్దు, ఎంత మనవాడైనా సరే. నావిగేటర్‌తో ఆ టెన్షన్ తక్కువ, కానీ దొరకడమే కష్టం: 2025లో వాళ్ల ఫెడరల్ నిధులను 9.8 కోట్ల డాలర్ల నుంచి కోటికి కోసేశారు.

ఆదాయం తక్కువై మెడికెయిడ్‌కి (పేదలకిచ్చే ప్రభుత్వ బీమాకి) అర్హత ఉండొచ్చనిపిస్తే నావిగేటర్ దగ్గరికే వెళ్లండి. అందులో బ్రోకర్‌కి సాధారణంగా కమీషన్ ఉండదు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు బీపీ, షుగర్ మందులు, ఫలానా డాక్టరే కావాలంటే, చాలా కంపెనీలతో పనిచేసే బ్రోకర్ నయం.