కీహోల్ స్పే పొజిషనర్ కొనే ముందు 25 కిలోల బియ్యం బస్తాతో పరీక్షించండి

హైదరాబాద్‌లో పెట్ క్లినిక్ నడిపే డాక్టర్లకు ఒక హెచ్చరిక. ల్యాప్ స్పే అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ ఆడ కుక్క అండాశయాలు తీసే కీహోల్ ఆపరేషన్. అందులో కుక్కను పక్కకు వాల్చే పొజిషనర్‌ను "ల్యాప్ స్పే టేబుల్" అని అంటగడుతున్న వాటిలో ఒక రకం ఉంది. మామూలు ఆపరేషన్ టేబుల్ మీద పెట్టే వి ఆకారపు స్టీలు తొట్టి, దాని అడుగున ఒకే ఇరుసు, పక్కన చేత్తో బిగించే నాబ్. కొటేషన్‌లో రెండు వైపులా 45 డిగ్రీలు అని ఉంటుంది. ఖాళీ తొట్టి వంగుతుంది కూడా. కుక్కను ఎక్కించాకే అసలు రంగు బయటపడుతుంది.

ఈ సర్జరీలో సగం పని వంపుదే. వెల్లకిలా పడుకోబెట్టి పొట్టలో గ్యాస్ నింపాక, ఎడమ అండాశయం కోసం కుక్కను కుడి పక్కకు వాల్చాలి. అప్పుడే పేగులు, ప్లీహం తమ బరువుకే కిందికి జారి దారి ఇస్తాయి. తర్వాత రెండో పక్కకు. వంపు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతే, అందులోనూ కొవ్వు పట్టిన ల్యాబ్రడార్ అయితే, పేగులు కెమెరాకు అడ్డంగానే ఉంటాయి. చూపు కోసం గ్యాస్ ఒత్తిడి పెంచాలనిపిస్తుంది. కుక్కలో 8–12 మి.మీ. పాదరసం దాటించి ఊపిరితో ఆడుకోవద్దు.

వంపు తగ్గడం కన్నా నాబ్ జారడం ప్రమాదం. ఇరుసు అడుగున ఉంది, కుక్క బరువంతా దానికి పైన ఉంది. వాల్చేకొద్దీ బరువు పక్కకు లాగుతుంది, ఆ లాగుడంతా ఒక్క మర రాపిడి మీదే. జారిందంటే కుక్క కదులుతుంది, మీ చేతిలోని గ్రాస్పర్ (పట్టుకునే పరికరం) కదలదు. పట్టుకున్న అండాశయపు కాడ, అంటే రక్తనాళాలున్న భాగం, చిరిగి ఆ రక్తం కెమెరాతో ఆగకపోతే పొట్ట కోయాల్సిందే.

తాళ్లు కట్టే కొక్కేలు ఎక్కడున్నాయో చూడండి. తొట్టికి కాక కింది టేబుల్‌కు ఉంటే, వాల్చినప్పుడు పై పక్క కాలి తాడు బిగుసుకుంటుంది. పాదం వాస్తుంది, నరం నొక్కుకుపోతుంది. మోనోపోలార్ కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడేవాళ్లు వాల్చిన ప్రతిసారీ, కరెంటు తిరిగి వెళ్లే ప్లేటు ఒంటికి పూర్తిగా ఆనిందో లేదో చూడాలి, అంచు లేస్తే చర్మం కాలుతుంది. వాల్చే ముందు గొంతు ట్యూబ్ నుంచి మత్తు సర్క్యూట్ (మత్తు గ్యాస్ గొట్టాలు) ఊడదీసి, వాల్చాక మళ్లీ తగిలించడం ఎలాగూ తెలిసిందే. పిల్లుల్లో మాత్రం ఈ ఊడదీయడం అస్సలు మానకండి, శ్వాసనాళం చిరిగే ముప్పు వాటికే ఎక్కువ.

డబ్బు కట్టే ముందు షోరూంలోనే, కోఠీ అయినా ఇంకెక్కడైనా, 25 కిలోల సోనామసూరి బస్తా పెట్టించండి. బస్తా చదునుగా పడుకుంటుంది, కుక్క ఛాతీ ఎత్తు. అందుకే కింద మడిచిన దుప్పటి వేయండి. బెల్టు బిగించి 45కు వాల్చి, ఫోన్‌లోని లెవల్ యాప్‌తో కొలిచి, ఇరుసు దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. సర్జన్ మోచేయి ఆనించినట్టు పై అంచును నాలుగుసార్లు నొక్కండి. అరగంట తర్వాత గీత జరిగితే వద్దనండి. రెండో పక్కకూ ఇదే.

అడగాల్సింది పిన్ను లాక్ ఉన్నది, లేదా హ్యాండిల్ తిప్పితే వంగే గేరు ఉన్నది. ఇప్పటికే కొనేసినవాళ్లు బాలానగర్‌లో ఏదైనా ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో 0, 15, 30, 45 దగ్గర రంధ్రాలున్న స్టీలు ప్లేటు, పిన్ను వేయించుకోవచ్చు. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే అన్న మాట నమ్మకండి, నాసిరకం 202 గ్రేడుకు కూడా అంటుకోదు, అది బ్లీచింగ్‌కు తుప్పు పడుతుంది.

మూడు కిలోల పిల్లికి ఈ తొట్టి ఎలాగూ పెద్దది. పక్కల్లో చుట్టిన టవళ్లు కుక్కాలి, లేదంటే చిన్న తొట్టి విడిగా అడగాలి.