అవిసె: పొడి మేలా, నూనె మేలా, క్యాప్సూల్ మేలా?

బీపీ అన్నా, కొలెస్ట్రాల్ అన్నా, మలబద్ధకం అన్నా, జుట్టు ఊడిపోతోందన్నా "అవిసె నూనె వాడి చూడండి" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉన్నారు. మెడికల్ షాపులో క్యాప్సూల్స్ దొరుకుతాయి, సూపర్ మార్కెట్‌లో కోల్డ్ ప్రెస్డ్ నూనె సీసా దొరుకుతుంది, కిరాణా కొట్లో గింజలు దొరుకుతాయి. గింజ ఒకటే కాబట్టి ఏది కొన్నా ఒకటేనని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం ఎక్కువమందికి పొడే మేలంటాను. నూనె అవసరం కొందరికే. క్యాప్సూల్‌కి పెట్టే డబ్బు దాదాపు దండగ.

ఎందుకంటే, అవిసె గింజలో మేలు చేసేవి మూడున్నాయి: ఏఎల్ఏ అనే ఒమేగా-3 కొవ్వు, పీచు, లిగ్నాన్లనే మొక్కల రసాయనాలు. గానుగ ఆడితే నూనెలోకి వచ్చేది మొదటిదే. పీచు మొత్తం, లిగ్నాన్లు దాదాపు మొత్తం నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతాయి. మలబద్ధకం తగ్గడానికి, చెడు కొలెస్ట్రాల్ కొంత దిగడానికి ఎక్కువగా తోడ్పడేది ఆ పీచే. దాన్ని వదిలేసి, అదే పని చేస్తుందని నూనె కొనుక్కోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

బీపీ విషయంలో అందరూ చెప్పుకునే పరిశోధన కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగింది. ఫలితాలు 2013లో వచ్చాయి. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన 110 మందిలో కొందరికి రోజూ 30 గ్రాముల అవిసె పొడి కలిపిన తినుబండారాలు, మిగతావాళ్లకి అది లేనివి పెట్టారు. ఆరు నెలలకి పొడి తిన్నవాళ్లలో పై బీపీ దాదాపు 10 పాయింట్లు, కింది బీపీ 7 పాయింట్లు తక్కువగా ఉంది. చిన్న తేడా కాదిది. అయితే వాళ్లు జబ్బున్నవాళ్లు, 30 గ్రాములంటే నాలుగు పెద్ద చెంచాలకి పైనే. అందరికీ అంత తగ్గుతుందని చెప్పలేం. ఇంకో సంగతి, వాళ్లు తిన్నది పొడి, నూనె కాదు.

ఇక నూనె సంగతి. అందులో సగానికి పైగా ఏఎల్ఏనే. పెద్ద చెంచా నూనెలో సుమారు 7 గ్రాములు ఉంటే, అదే చెంచా పొడిలో 1.6 గ్రాములే ఉంటుంది. ఈ లెక్క చూస్తే నూనే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్ఏలుగా మన ఒంట్లో మారేది ఆ ఏఎల్ఏలో చాలా కొద్ది భాగమే, డీహెచ్ఏ అయితే మరీ తక్కువ. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వులు ఎక్కువున్నాయని డాక్టర్ ఒమేగా-3 రాస్తే, దాని బదులు అవిసె నూనె తాగితే సరిపోదు. చేపలు తినేవాళ్లకి కవళ్లు, కానాగంతలు దీనికంటే నయం. శాకాహారులకి నాచు నుంచి తీసిన డీహెచ్ఏ క్యాప్సూల్స్ ఉన్నాయి.

పైగా ఈ నూనె చాలా త్వరగా పాడవుతుంది. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టాలి. పోపుకి, వేపుళ్లకి అసలు పనికిరాదు. చేదెక్కినా, పెయింట్ డబ్బా వాసన వచ్చినా పారబోయాల్సిందే. పెద్ద చెంచాలో 120 కేలరీలుంటాయి కాబట్టి బరువు తగ్గాలనుకునేవాళ్లు అది కూడా లెక్కలో వేసుకోవాలి. పీచు వద్దని డాక్టర్ చెప్పినవాళ్లకి, ఏఎల్ఏ మాత్రమే కావాలనుకునేవాళ్లకి నూనె సరే. జుట్టుకి, మోకాళ్లకి పనిచేస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు.

1000 మిల్లీగ్రాముల అవిసె నూనె క్యాప్సూల్‌లో ఏఎల్ఏ అర గ్రాము దాకా ఉంటుంది. పెద్ద చెంచా పొడిలో ఉన్నంత రావాలంటే మూడు మింగాలి, అప్పుడూ పీచు సున్నా.

పొడి చేసుకోవడం కష్టమేమీ కాదు. గింజలు అలాగే మింగితే చాలావరకు అరగకుండానే బయటికి పోతాయి కాబట్టి పొడి కొట్టాల్సిందే. సన్న సెగ మీద చిటపటలాడే దాకా వేయించి, చల్లారాక ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి మిక్సీ పడితే వేడన్నంలోకి కమ్మగా ఉంటుంది. వారానికి సరిపడా మాత్రమే చేసుకుని, మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బీపీ కోసం తినేవాళ్లు ఉప్పు లేకుండా వట్టి పొడి కొట్టుకుని మజ్జిగలో కలుపుకోవడం మంచిది.

మొదట రోజుకో చిన్న చెంచాతో మొదలుపెట్టండి, ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బుతుంది. నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది. మందులు వేసుకునే వేళకీ దీనికీ గంట, రెండు గంటలు తేడా ఉండాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, ఆపరేషన్ దగ్గర పడ్డవాళ్లు, గర్భిణులు పొడైనా నూనైనా డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం దీన్ని నమ్ముకుని ఆపొద్దు. నూనే కావాలనుకుంటే తినడానికని లేబుల్ మీద రాసున్న సీసానే కొనండి. హార్డ్‌వేర్ షాపుల్లో చెక్క పాలిష్‌కి అమ్మే అవిసె నూనె, అంటే లిన్‌సీడ్ ఆయిల్‌లో కొన్నిట్లో త్వరగా ఆరడానికి లోహాల రసాయనాలు కలుపుతారు, అది నోట్లోకి పోకూడదు.