పాత పైపా, కొత్త పైపా? ఎంగిలి అనుమానం తీరాక ఏది మేలు

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు వైపు పుట్టినవాడికి పొగాకు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రి కాపలా, ఆకు గ్రేడింగు, వేలం కేంద్రంలో బేళ్ళ ముందు నిలబడి రేటు కోసం ఎదురుచూపులు, ఇవన్నీ ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే మాటలే. అయినా మన దగ్గర పండిన వర్జీనియా ఆకు బేళ్ళకు బేళ్ళు దేశాలు దాటిపోతుంది గానీ, పొగాకుని పైపులో వేసి కాల్చేవాళ్ళు మాత్రం ఊరికొకరు కూడా కనబడరు. ఆ ఉన్న కొద్దిమందిలో ఎప్పుడూ తెగని పంచాయితీ ఒకటుంది. ఎవరో వాడేసిన పాత పైపు కొని తాగొచ్చా, లేక ఎంత చవకదైనా కొత్తదే కొనుక్కోవాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. పైపులకి పేరుపడ్డ బ్రయర్ అనే మంచి కర్రతో చేసిన పాత పైపు, మన చేత్తో మనం శుభ్రం చేసుకున్నది, అదే డబ్బుకి దొరికే కొత్త పైపు కన్నా అన్ని విధాలా మేలు. ఒకటి రెండు చోట్ల మాత్రం ఈ మాట చెల్లదు, అవి కింద రాశాను.

దానికన్నా ముందు చెప్పాల్సింది ఇంకోటుంది. పాతదైనా కొత్తదైనా పైపు పొగ మంచిది కాదు. పొగ లోపలికి మింగం కాబట్టి ఏమీ కాదనే మాట పైపు తాగేవాళ్ళ నోట తరచూ వింటాం, అది నిజం కాదు. పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్లకి పైపు కూడా కారణమే, ఊపిరితిత్తులకీ ముప్పే. ఇప్పటిదాకా అలవాటు లేనివాళ్ళు ఇది చదివి మొదలుపెట్టకండి. ఎలాగూ తాగేవాళ్ళకీ, తాగకపోయినా ఇంట్లో పెద్దాయన పైపు ఒకటి పడి ఉంటే దాన్నేం చేయాలో తోచనివాళ్ళకీ రాస్తున్నాను.

పాత పైపు అనగానే మనవాళ్ళకి వచ్చే మొదటి మాట "ఛీ, ఎంగిలి". "ఏందబ్బయా, ఎవడో నోట్లో పెట్టుకున్నదాన్ని తెచ్చి నువ్వు పెట్టుకుంటావా?" అని మా బాబాయి నిలదీశాడు ఒకసారి. ఆయన చిన్నప్పుడు పొలం గట్టు మీద ఒకే చుట్టని ముగ్గురు నలుగురు మార్చి మార్చి లాగేవాళ్ళని ఆయనే చెబుతాడు. చుట్ట ఇచ్చేది పక్క చేలో మనిషి, వరసకి మామో అన్నో. పైపు ఎవరిదో తెలియదు. అంటే ఆయనకి అసలు ఇబ్బంది ఉమ్మి కాదు, తెలియని మనిషి ఉమ్మి. నేను దీన్ని తప్పు పట్టను, మనం పెరిగిన పద్ధతి అది, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తిపెట్టుకుని తాగేవాళ్ళం మనం. కానీ ఆ ఒక్క "ఛీ" లో మూడు వేర్వేరు భయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూస్తే తప్ప ఏది మేలో తేలదు.

ఒకటి, రోగాల భయం. మన పెద్దవాళ్ళు ముందు అడిగేది టీబీ గురించి. టీబీ రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది, అతను ఎప్పుడో వాడిన వస్తువు ముట్టుకుంటే రాదు. ఇప్పుడిప్పుడే ఒకరి నోట్లోంచి తీసిన పైపు మన నోట్లో పెట్టుకుంటే పెదవి మీద పొక్కుల లాంటివి అంటుకునే అవకాశం ఉంది గానీ, ఏళ్ళ తరబడి బీరువా సొరుగులో పడి ఉన్నదానికి ఆ భయం దాదాపు లేదు. అలాంటి పైపులో నిజంగా భయపడాల్సింది బూజుకి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా సముద్రం పక్కనే ఉన్నాం, మన తేమకి తోలు చెప్పులే బూజు పట్టి తెల్లబడతాయి, ఇక లోపల తడి ఇంకిన కర్ర సంగతి చెప్పేదేముంది. పొగాకు కూరే గిన్నె లోపల తెల్లగా, పచ్చగా నూగులా కనబడితే దాన్ని పూర్తిగా శుభ్రం చేయకుండా ఒక్క దమ్ము కూడా లాగకూడదు.

రెండోది, పోయినవాళ్ళ వస్తువు అనే భయం. మన ఇళ్ళల్లో మనిషి పోతే బట్టలు, పరుపు ఎవరికో ఇచ్చేస్తాం లేదా తీసేస్తాం. వాచీ, పెన్ను, పడక కుర్చీ మాత్రం ఉంచుకుంటాం, పైగా గర్వంగా చూపించుకుంటాం. పైపు ఈ రెంటికీ మధ్యలో పడింది. ఒంటికి తగిలిన వస్తువా అంటే అవును, పదిమందికీ చూపించుకునే వస్తువా అంటే అదీ అవును. అందుకే చాలా ఇళ్ళల్లో దాన్ని పారేయరు, అలాగని ఎవరూ ముట్టుకోరు. నేను చూసిన పాత పైపులన్నీ దాదాపు ఇలాంటివే, ఓడల్లో పనిచేసి వచ్చినవాళ్ళవి, పాత తరం లాయర్లవి, డాక్టర్లవి. నా ఉద్దేశంలో సొంత తాతదో నాన్నదో అయితే అది వాడుకోవడంలో తప్పేమీ లేదు, ఇంట్లో అమ్మో నాయనమ్మో ఉంటే ముందు వాళ్ళని అడగాలి, వాళ్ళ మనసు కష్టపడితే అలమరలో పెట్టుకోవాలి, అంతే. దీంట్లో వాదనకి తావు లేదు.

మూడోది రుచి. దీన్ని మాత్రం భయం అనను, ఇది వాస్తవం. బ్రయర్ కర్ర ముందు వాడిన మనిషి పొగాకు వాసనని పట్టుకుని ఉంటుంది. ముఖ్యంగా లటాకియా అని ఒక రకం ఉంది, కట్టెల పొగ మీద ఆరబెట్టిన ఆకు, ఆ ఘాటు ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు. వెనిల్లా, చెర్రీ సెంట్లు పట్టించిన పొగాకులూ అంతే. పాత పైపు మీద ఉన్న ఫిర్యాదుల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదొక్కటే.

ఇక కొత్తదాని సంగతి. కొత్తదంటే మన చేతికి సులువుగా వచ్చేది ఏది? ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే షీషం కర్ర పైపులు. చూడ్డానికి నున్నగా, చెక్కుడు పనితో, పైన లక్క పూతతో మెరుస్తుంటాయి. బహుమతిగా ఇవ్వడానికి బాగుంటాయేమో గానీ తాగడానికి పనికిరావు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. బ్రయర్ అనేది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల, అంటే ఇటలీ, గ్రీసు, అల్జీరియా లాంటి చోట్ల పెరిగే ఎరికా అనే పొద మొదట్లో, వేరుకీ కాండానికీ మధ్య ఊరే గడ్డ. ఆ గడ్డ ఊరడానికే కొన్ని పదుల ఏళ్ళు పడుతుంది. దాన్ని తవ్వి తీసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి అప్పుడు పైపు చేస్తారు. వేడికి ఓర్చుకుంటుంది, తడి పీల్చుకుంటుంది, అందుకే 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్‌లో దీనితో పైపులు మొదలుపెట్టాక మిగతా కర్రలన్నీ వెనకబడిపోయాయి. షీషానికి ఆ గుణం లేదు. పైగా మన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, గబగబా లాగితే వేడిగా మండుతుంది, నాలుక చుర్రుమంటుంది. అంత వేడి పడితే చవక కర్ర గిన్నె లోపలి గోడ మసిబారడం కాదు, కర్రే కాలుతుంది, పొగాకు రుచి పోయి కాలిన చెక్క, లక్క కలిసిన వాసన వస్తుంది.

మంచి కొత్త బ్రయర్ అంటే సావినెల్లి, పీటర్సన్ లాంటి కంపెనీలవి, వేలల్లో మాట, బయటి దేశం నుంచి తెప్పిస్తే సుంకం అదనం. డబ్బుంటే కొనుక్కోండి, వంక పెట్టడానికేం లేదు. కాకపోతే కొత్త పైపు మొదట్లో మచ్చిక కావాలి. గిన్నె లోపల పలచగా బొగ్గు పొర పట్టేదాకా నెమ్మదిగా, కొంచెం కొంచెం పొగాకుతో కాల్చాలి. పాత పైపులో ఆ పని ఎవరో మన కోసం ఎప్పుడో చేసి పెట్టారు. కర్ర కూడా దశాబ్దాలుగా ఆరి ఉంటుంది.

ఆ చేసిపెట్టినదాంట్లో అవసరమైనంత ఉంచి మిగతాది తీయడమే శుభ్రం చేయడమంటే. లోపల మసి పొర రూపాయి బిళ్ళ మందం ఉంటే చాలు. అంతకు మించి పేరుకుంటే వేడికి పొర ఒక రకంగా, కర్ర ఒక రకంగా సాగి గిన్నె పగులుతుంది. చాకు మొనతో గీకకండి, అడుగు గుంట పడుతుంది. గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి తిప్పుతూ పోతే మసి పొడిపొడిగా రాలుతుంది. ఆ తర్వాత గిన్నెలో దూది కూరి, గిన్నె నుంచి నోటి ముక్క దాకా వచ్చే కాడ రంధ్రంలో కూడా దూది ఒత్తి దూర్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా దూది తడిసేదాకా పోసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి తెల్లటి దూది ముదురు బెల్లంలా మారి ఉంటుంది, ముట్టుకుంటే జిగట, ముక్కు దగ్గర పెడితే పాత పొగాకు గోడౌన్‌లోకి వెళ్ళినప్పటి వాసన. అది చూశాక ఎంగిలి గురించి వాదించేవాళ్ళ మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది, ఎందుకంటే లోపల ఉన్నది వాళ్ళు ఊహించినదానికన్నా ఎక్కువే. కానీ అదంతా బయటికి వస్తుంది, అదీ విషయం. దూది రంగు మారడం తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ చేసి, రెండు మూడు రోజులు గాలికి ఆరనిచ్చాకే నిప్పు పెట్టాలి. ఆ ద్రవం మండుతుంది, పక్కన దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు. మందుల షాపులో దొరికే స్పిరిట్టు వద్దు, దాంట్లో ఇంకేం కలుపుతారో మనకి తెలియదు. ఇంట్లో ఉన్న రమ్ముతో కడిగేస్తే చాలనేవాళ్ళున్నారు, దాంట్లో సగానికి పైగా నీళ్ళే, కర్ర ఉబ్బుతుంది.

నోట్లో పెట్టుకునే ముక్క ఎక్కువగా వల్కనైట్. రాజమండ్రి రత్నం పెన్నులు చేసే ఎబొనైటే ఇది, రబ్బరులో గంధకం కలిపి ఉడికించినది. వెలుతురు తగిలి తగిలి పైన ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు తేలుతుంది, నాలుకకి చేదుగా తగులుతుంది. చాలామంది ఇది చూసే పాత పైపు పక్కన పడేస్తారు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్, ముందు 400, తర్వాత 800, ఆఖరికి 2000 నంబరు, నీళ్ళల్లో తడుపుతూ రుద్దితే నీళ్ళు గోధుమ రంగు తిరుగుతాయి, గంధకం వాసన గుప్పుమంటుంది, కింద నుంచి నల్లటి మెరుపు బయటపడుతుంది. పంటి గాట్లు లోతుగా ఉంటే మాత్రం ఇది చాలదు.

కొనేముందు చూడాల్సినవి ఎక్కువేం లేవు. పైపుని వెలుతురుకి పెట్టి కాడ మొదట్లో సన్నటి పగులు ఉందేమో చూడండి, గిన్నె బయట ఒకచోట నల్లటి మచ్చ ఉండి, లోపల అదే చోట గోటితో నొక్కితే మెత్తగా తగిలితే కర్ర కాలిపోయిందని అర్థం, ఎంత పేరున్న కంపెనీదైనా వదిలేయండి. కాడ మీద ముద్ర చదవండి. పీటర్సన్ మీద రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్ అని ఉంటే అది 1949 తర్వాతది, ఎందుకంటే ఆ దేశం రిపబ్లిక్ అయింది అప్పుడే. డన్‌హిల్ పైపుల మీద ఏడాదిని సూచించే చిన్న అంకె కూడా ఉంటుంది. ముద్ర అరిగిపోయేలా ఎవరైనా పాలిష్ చేసి "కొత్తదానిలా ఉంది సార్" అంటే రేటు తగ్గించి అడగండి, సేకరించేవాళ్ళకి ఆ ముద్రే ప్రాణం. శుభ్రం చేశాం, నేరుగా తాగేయొచ్చు అని అమ్మినవి కూడా నేను మళ్ళీ శుభ్రం చేస్తాను, అమ్మేవాడి మీద అనుమానంతో కాదు, నా నోట్లోకి వెళ్ళేదానికి నా చెయ్యే పూచీ.

పాతది వద్దనేది ఎక్కడంటే, మీర్‌షామ్ విషయంలో ఒకటి. టర్కీలో దొరికే తెల్లటి మెత్తటి ఖనిజం అది, వాడేకొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది, ఆ రంగు ముందువాడు పీల్చిన పొగే. బ్రయర్‌కి చేసినట్టు దీన్ని ఆల్కహాల్‌తో నానబెట్టి కడగలేం. రెండోది, ఇప్పుడే మొదలుపెట్టి, ఉంటాడో మానేస్తాడో తెలియనివాడి విషయంలో. అతనికి పాతదీ వద్దు, షీషమూ వద్దు. అమెరికాలోని మిస్సోరీలో 1869 నుంచి మొక్కజొన్న కండెలతో పైపులు చేస్తున్నారు, చవక, తేలిక, మచ్చిక చేసే బాధ లేదు, మానేస్తే పారేసినా బాధ ఉండదు. మానేస్తే అన్నిటికన్నా మంచిది.

ఇంత చెప్పినా నోటి దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పుకోనివాళ్ళుంటారు. వాళ్ళు గిన్నె పాతది ఉంచుకుని నోటి ముక్క ఒక్కటి కొత్తది చేయించుకోవచ్చు. ఎబొనైట్ గానీ యాక్రిలిక్ గానీ కడ్డీ ఇచ్చి, కాడలో దూరే భాగం కొలత సరిగ్గా చూపిస్తే నెల్లూరులోనో ఒంగోలులోనో చెయ్యి తిరిగిన లేత్ మెషీన్ పనివాడు తిప్పి ఇస్తాడు. పాత ముక్క మాత్రం పారేయకుండా దాచండి, రేపు ఎవరైనా కొనేవాళ్ళు దాన్నే అడుగుతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే డబ్బు కూడబెట్టి కొత్త బ్రయర్ కొనుక్కోండి, ఆగలేక షీషం మాత్రం కొనకండి.