ఇంటి లోపలి మొక్కలకు హెచ్‌ఐడీ, ఎల్‌ఈడీ దీపాలు: చాలాకాలం వాడిన తర్వాత

కిటికీ వెలుతురు చాలని గదిలో మిరప, టమాటా, లెట్యూస్, కొన్ని ఆర్కిడ్ మొక్కలను పెంచడానికి నేను మొదట కొన్నేళ్లు హెచ్‌ఐడీ (హై ఇంటెన్సిటీ డిశ్చార్జ్) దీపాలనూ, ఆ తర్వాత అంతకంటే ఎక్కువ కాలం ఎల్‌ఈడీ దీపాలనూ వాడాను. మధ్యలో కొంతకాలం రెండు రకాలూ ఒకే గదిలో పక్కపక్కనే వెలిగాయి కాబట్టి వాటి తేడాను ఆకుల మీదే చూసే వీలు కలిగింది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంట్లో మొక్కలు పెంచేవారిలో ఎక్కువమందికి నేడు ఎల్‌ఈడీయే తగినది. అయితే హెచ్‌ఐడీ నుంచి దానికి మారేవారు దీపం ఒక్కటే మారుతుందనుకోకూడదు. నీరు పెట్టే పద్ధతి, గది ఉష్ణోగ్రత, దీపాన్ని వేలాడదీసే ఎత్తు, ఇవన్నీ దానితో పాటు మారవలసి ఉంటుంది. ఈ సంగతి ముందే తెలియక చాలామంది కొత్త దీపాన్ని నిందిస్తుంటారు.

నేను వాడిన హెచ్‌ఐడీ దీపాలు రెండు: 400 వాట్ల హై ప్రెషర్ సోడియం దీపం ఒకటి, అంతే వాటేజీ గల మెటల్ హాలైడ్ ఒకటి. రెండింటిలోనూ ఒక చిన్న గొట్టంలోని ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహించి వెలుగునిస్తుంది. ఆ ప్రవాహాన్ని అదుపులో ఉంచడానికి బ్యాలస్ట్, అన్ని వైపులా చెదిరే వెలుగును కిందికి మళ్లించడానికి రిఫ్లెక్టర్ తప్పనిసరి. స్విచ్ వేసిన తర్వాత పూర్తి వెలుగు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయి క్షణంలో వచ్చినా దీపం వెంటనే తిరిగి వెలగదు. ముఖ్యంగా మెటల్ హాలైడ్ చల్లబడి మళ్లీ అంటుకోవడానికి పది, పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. పాత తరహా అయస్కాంత బ్యాలస్ట్ చేసే గుంయ్‌మనే శబ్దం పగటిపూట తెలియకపోయినా రాత్రి పక్క గదిలోకి వినిపిస్తుంది.

సోడియం దీపం కింద కాపు బాగా వచ్చిన మాట నిజం. పసుపు, నారింజ ఛాయలు ఎక్కువగానూ నీలం చాలా తక్కువగానూ ఉండే ఆ వెలుగులో మిరప మొక్క త్వరగా ఎదిగింది కానీ కణుపుల మధ్య దూరం పెరిగి కాండం సాగిపోయింది. నారు దశలో నీలం ఎక్కువగా ఉండే మెటల్ హాలైడ్ కింద పెంచి, పూత దశలో సోడియం కిందికి మార్చే పాత అలవాటుకు కారణం ఇదే.

ఇంతకంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది సోడియం వెలుగు రంగు. దాని కింద ప్రతి ఆకూ పసుపుగానే కనిపిస్తుంది. నత్రజని లోపంతో ఆకు పాలిపోతున్నదా, అది దీపం రంగేనా అని అక్కడ నిలబడి తేల్చుకోలేము. మిరప ఆకు అడుగున తామర పురుగులు గీరిన వెండి రంగు చారలు, నల్లి పీల్చిన సన్నని చుక్కలు ఆ వెలుగులో పూర్తిగా కలిసిపోతాయి. దీపం ఆర్పి, తెల్లని టార్చి వెలుగులో ఆకును తిప్పి చూస్తే తప్ప బయటపడవు. తెల్లని ఎల్‌ఈడీ కింద అవే చారలు నిలబడిన చోటి నుంచే కనిపిస్తాయి. పురుగును ఒక వారం ముందుగా గుర్తించడం ఎంత మేలో మిరప పెంచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నా దృష్టిలో విద్యుత్తు ఆదా కంటే కూడా ఇది పెద్ద లాభం.

విద్యుత్తు విషయానికి వస్తే, మొక్కల దీపాన్ని ల్యూమెన్లతో కొలవడం సరికాదు. ల్యూమెన్ మనిషి కంటికి సంబంధించిన కొలత. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనున్న కాంతి కణాలను కాబట్టి, ఒక జూల్ విద్యుత్తుకు దీపం ఎన్ని మైక్రోమోళ్ల (కాంతి కణాల సంఖ్యకు కొలత) కాంతిని ఇస్తుందన్నదే చూడాలి. 2014లో ఉటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు నెల్సన్, బగ్‌బీ ప్రచురించిన పోలికలో, ఆనాటి అత్యుత్తమ 1000 వాట్ల సోడియం దీపమూ అత్యుత్తమ ఎల్‌ఈడీ దీపమూ జూల్‌కు 1.7 మైక్రోమోళ్ల దగ్గర దాదాపు సమానంగా నిలిచాయి. అంటే అప్పటికి ఎల్‌ఈడీ మీద సందేహపడినవారి మాటలో న్యాయం ఉంది. ఆ తర్వాత సోడియం దీపం ఇంచుమించు అక్కడే ఆగిపోయింది. ఎల్‌ఈడీ మాత్రం 2.5 దాటి, మంచి రకాల్లో 3 కూడా దాటింది. ఇళ్లలో వాడే 400 వాట్ల దీపాల సామర్థ్యమైతే 1000 వాట్ల వాటికంటే ఇంకా తక్కువ.

నా గదిలో ఈ తేడా ఇలా కనిపించింది. 400 వాట్ల సోడియం దీపం బ్యాలస్ట్‌తో కలిపి 450 వాట్ల దాకా తీసుకునేది. రోజుకు 14 గంటల చొప్పున అది 6.3 యూనిట్లు. దాని స్థానంలో పెట్టిన 220 వాట్ల ఎల్‌ఈడీ అదే సమయానికి సుమారు 3.1 యూనిట్లు తీసుకుంటూ, ఆకుల మీద అంతే వెలుగును మరింత సమంగా పరుస్తున్నది.

వేడి గురించి ఒక అపోహ బలంగా ఉంది. ఎల్‌ఈడీ వేడి పుట్టించదని అంటారు. గదిలో ఖర్చయిన ప్రతి వాటూ ఏ దీపంలోనైనా చివరికి వేడిగానే మారుతుంది. కాబట్టి 400 వాట్ల ఎల్‌ఈడీ గదిని 400 వాట్ల సోడియం దీపం లాగే వేడెక్కిస్తుంది. తేడా రెండు చోట్ల ఉంది: ఎల్‌ఈడీకి తక్కువ వాట్లు చాలడం ఒకటి, ఆ వేడి ప్రయాణించే దారి రెండవది. సోడియం దీపం తన వేడిలో పెద్ద భాగాన్ని పరారుణ కిరణాలుగా నేరుగా ఆకుల మీదికి పంపుతుంది. ఎల్‌ఈడీ వేడి వెనుకనున్న అల్యూమినియం పలక ద్వారా గాలిలోకి పోతుంది. అందువల్ల గాలి ఉష్ణోగ్రత ఒకటే అయినా ఎల్‌ఈడీ కింద ఆకు చల్లగా ఉంటుంది.

ఈ ఒక్క విషయం నుంచే మిగిలిన మార్పులన్నీ వస్తాయి. ఆకు చల్లగా ఉంటే నీటి ఆవిరి తక్కువగా పోతుంది, కుండీ ఆలస్యంగా ఆరుతుంది. సోడియం కాలంనాటి లెక్కతో నీరు పెడుతూ పోతే వేరు కుళ్లు వస్తుంది. ఇప్పుడు నేను రోజుల లెక్క పెట్టుకోకుండా కుండీని చేత్తో ఎత్తి, బరువు చూసి నీరు పెడుతున్నాను. కాల్షియం నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది కాబట్టి, బలమైన ఎల్‌ఈడీ వెలుగులో వేగంగా పెరిగే లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు మాడినట్లు గోధుమ రంగులోకి మారతాయి. ఎరువులో కాల్షియం పెంచడం కంటే చిన్న ఫ్యాను పెట్టి మొక్క నడిబొడ్డుకు గాలి ఆడేలా చేయడం నాకు ఎక్కువగా పనిచేసింది. టమాటా, మిరపల విషయంలో గది ఉష్ణోగ్రతను ఒకటి రెండు డిగ్రీలు పెంచి ఉంచితే ఎదుగుదల మళ్లీ గాడిలో పడింది.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. సోడియం దీపం మరీ దగ్గరైతే చేతికి వేడి తగిలి వెంటనే తెలిసిపోతుంది. ఎల్‌ఈడీ అలా హెచ్చరించదు. దాని కింద చెయ్యి పెడితే హాయిగానే ఉంటుంది, పై ఆకులు మాత్రం మెల్లగా తెల్లబారతాయి. కొత్త దీపాన్ని డిమ్మర్‌తో సగానికి తగ్గించి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో క్రమంగా పెంచడం క్షేమం.

ఎంత వెలుగు చాలునన్న ప్రశ్నకు ఒక రోజు మొత్తంలో ఆకు మీద పడిన కాంతే సమాధానం. చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోళ్ల వెలుగు 14 గంటల పాటు పడితే రోజుకు సుమారు 10 మోళ్లు (ఒక మోల్ అంటే పది లక్షల మైక్రోమోళ్లు) అవుతుంది. లెట్యూస్‌కు 12 నుంచి 17 మోళ్లు బాగా సరిపోతాయి. కాయలు కాసే టమాటాకు 20కి పైగా కావాలి. ఆర్కిడ్లలో నీడను ఇష్టపడే రకాలకు ఇందులో చిన్న వంతు చాలు, వాటి కోసం హెచ్‌ఐడీ కొనడం ఏనాడూ అవసరం కాలేదు.

ఎల్‌ఈడీలన్నీ మంచివని మాత్రం అనను. పెట్టె మీద 1000 అని పెద్ద అంకె వేసి, గోడ నుంచి తీసుకునేది వంద వాట్లే అయిన దీపం నా చేతికీ వచ్చింది. అసలు వాడకం ఎంతో, జూల్‌కు ఎన్ని మైక్రోమోళ్లో రాయని దీపాన్ని కొనవద్దని గట్టిగా చెబుతాను. ఎరుపు, నీలం కలిసి ఊదాగా వెలిగే పాత రకాల కింద ఆకును పరీక్షించడం సోడియం కింద కంటే కష్టం. మొక్కలు ఆకుపచ్చ కాంతిని కూడా కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటాయని మెక్‌క్రీ అనే పరిశోధకుడు 1972లోనే కొలిచి చూపాడు కాబట్టి, 660 నానోమీటర్ల ఎరుపు కలిపిన తెల్లని దీపమే మంచిది. వెలుగునిచ్చే డయోడ్ల కంటే ముందు సాధారణంగా పాడయ్యేది వాటికి తగిన విద్యుత్తును అందించే డ్రైవర్. దాన్ని విడిగా మార్చుకోగలిగే దీపాన్ని ఎంచుకోవడం తెలివైన పని. లోపల ఫ్యాను ఉన్నవాటిలో దుమ్ము చేరి అదే ముందుగా మొరాయిస్తుంది.

హెచ్‌ఐడీ బల్బు వెలుగుతూనే బలహీనపడుతుంది. కంటికి తేడా తెలియదు గానీ కాపు తగ్గుతుంది. సోడియం బల్బు ఆయుష్షు చివరికి వచ్చినప్పుడు వెలిగి, కాసేపటికి తనంతట తానే ఆరి, చల్లబడి మళ్లీ వెలుగుతూ ఉంటుంది. అప్పుడు బ్యాలస్ట్‌ను అనుమానించే ముందు బల్బు మార్చి చూడాలి. ఈ బల్బుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి చెత్తలో పారేయకూడదు. వేడి బల్బు మీద నీటి చుక్క పడితే గాజు పగలవచ్చు. బయటి గాజు పగిలిన మెటల్ హాలైడ్ దీపం వెలుగుతున్నా సరే, అతినీలలోహిత కిరణాలు చర్మాన్నీ కళ్లనూ దెబ్బతీస్తాయి గనుక వెంటనే ఆర్పివేయాలి.

ఇంత చెప్పినా నా సోడియం దీపాన్ని పారేయలేదు. బాగా చలిగా ఉండే నెలల్లో, వేరే హీటరు ఎలాగూ పెట్టవలసిన గదిలో, ఆ దీపం ఇచ్చే వేడి వృథా కాదు. అది నేరుగా ఆకునే తాకుతుంది. ఇప్పటికే హెచ్‌ఐడీ ఉండి, ఏడాదిలో కొద్ది నెలలే వాడే వారు తొందరపడి మార్చనక్కర్లేదు, బల్బు, రిఫ్లెక్టర్ మార్చుకుంటే చాలు. వేసవిలో కూడా రోజుకు 14 గంటలు వెలిగించేవారు, గదిని చల్లబరచడానికి మళ్లీ విద్యుత్తు ఖర్చు చేస్తున్నవారు మాత్రం పాత బల్బు పూర్తిగా పాడయ్యేదాకా ఎదురుచూడకుండా ఎల్‌ఈడీకి మారడం మంచిది.